దోమలు కాపలా కాసే బడి

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం వెనక నాలుగడుగులు వేస్తే కెపెల్ స్ట్రీట్. అక్కడో రాతి భవనం. తలెత్తి చూస్తే ఎవరైనా ఉలిక్కిపడాల్సిందే. బాల్కనీల మీద బంగారు పూత పూసిన దోమ, పేను, నల్లి, ఎలుక, పాము! సింహాలూ రాజముద్రలూ ఉండాల్సిన చోట రోగాలు మోసే జీవాలు. అదే లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్. 1899లో రేవు పక్కన నావికుల ఆసుపత్రిలో పాట్రిక్ మాన్సన్ మొదలుపెట్టిన ఈ బడి, 1929లో ఈ భవనంలోకి మారింది.

విచిత్రమేమిటంటే, ఈ బడిలో పీజీ చదివేవాళ్లలో ఎందరో దీని గుమ్మం తొక్కకుండానే పట్టా అందుకుంటారు. 1998లో ఇక్కడ దూరవిద్య మొదలైంది. తొలినాళ్లలో పాఠాలు పోస్టులో వెళ్లేవి. ఇప్పుడంతా ఆన్‌లైనే. అంటురోగాల వ్యాప్తి, ప్రజారోగ్యం, క్లినికల్ ట్రయల్స్... ఏది ఎంచుకున్నా ఉద్యోగం చేసుకుంటూనే చదవొచ్చు. ఒక్కో సబ్జెక్టూ పూర్తిచేసుకుంటూ పోవడానికి అయిదేళ్ల వరకూ గడువు ఉంటుంది.

ఎక్కడో ఆఫ్రికాలోని ఓ జిల్లా ఆసుపత్రి డాక్టరు సంగతే చూడండి. పగలంతా ఓపీ, రాత్రి కాన్పు కేసులు. ఆయన చదువు కోసం విమానమెక్కితే ఆ వార్డు ఎవరు చూస్తారు? వెళ్లినవాళ్లు తిరిగి రాకపోతే ఆ జిల్లాకు దిక్కెవరు? అందుకే పాఠమే ఆయన దగ్గరికి వెళ్తుంది. అలాగని ఇది నల్లేరు మీద నడకేం కాదు. ఫీజు పౌండ్లలో కట్టాలి. కరెంటూ సిగ్నలూ కలిసొచ్చినప్పుడే క్లాసు. నైట్ డ్యూటీ ముగించి అసైన్‌మెంట్ ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. అయితే ఓ లాభం ఉంది. రాత్రి నేర్చుకున్న లెక్క తెల్లారేసరికి సొంత వార్డులోనే పనికొస్తుంది.

అంటురోగాల చదువులో జాన్ స్నో కథ వినని వాళ్లుండరు. బడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే సోహోలో బ్రాడ్‌విక్ స్ట్రీట్. 1854లో అక్కడ కలరా జనాన్ని పిట్టల్లా రాల్చేసింది. స్నో ఇల్లిల్లూ తిరిగి చావులు లెక్కగట్టి, ఒక్క నీటి పంపు వైపు వేలు చూపించాడు. అధికారులు దాని పిడి తీయించారు. ఇప్పుడు ఆ వీధిలో దానికి గుర్తుగా పిడి లేని పంపు ఉంది. పర్యాటకులు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. తన ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగినవాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయో ఆరా తీసే డాక్టరుకు మాత్రం అది బొమ్మ కాదు, నిత్యం చేసే పని.

నిజానికి దూరం నుంచి పాఠం చెప్పడం ఈ బడి పుట్టకముందే మొదలైంది. అందులో మన సికింద్రాబాద్‌కూ వాటా ఉంది! దోమకూ మలేరియాకూ సంబంధం ఉందని నమ్మిన మాన్సన్, 1894లో సెలవు మీద లండన్ వచ్చిన రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరుకు రక్తంలోని మలేరియా క్రిమిని చూపించాడు. మరుసటేడు రాస్ ఇండియాకు తిరిగొచ్చాడు. ఆ తర్వాత గురుశిష్యుల మధ్య నడిచిందంతా ఉత్తరాలతోనే. ఓడలో వారాల తరబడి ప్రయాణించే ప్రశ్నలు, అలాగే తిరిగొచ్చే జవాబులు. రాస్ డీలా పడితే మాన్సన్ ధైర్యం చెప్పేవాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ పొట్టలో రాస్‌కు ఆ క్రిమి దొరికింది. కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

ఆ రోజుల్లో రాస్ చదువు కోసం లండన్‌లోనే ఉండిపోయి ఉంటే? ఆయన వెతికిన దోమ సికింద్రాబాద్‌లో ఉంది, గురువు లండన్‌లో ఉన్నాడు. కెపెల్ స్ట్రీట్ బాల్కనీ మీది బంగారు దోమ ఎటూ కదలదు. అసలు దోమ మాత్రం ఊరూరా తిరుగుతూనే ఉంది. దాన్ని పట్టుకునే డాక్టరు ఆ ఊళ్లోనే ఉండాలి మరి!