మర్యాదకు వ్యాకరణం

మన తెలుగువాళ్ళకు "వెళ్తాను" అనడం అశుభం. గుమ్మం దాటేవాడు మళ్ళీ ఏడాదిదాకా ఈ ఛాయలకు రానివాడైనా సరే, "వెళ్ళొస్తాను" అనే అంటాడు. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని, ఆ మాటలోని సొగసును గురించి తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అందులో చిక్కు కూడా వుందని చూపించినవాడు మా చిన్నవాడు. వాడికి ఆరేళ్ళప్పుడు మా తమ్ముడు, "వెళ్ళొస్తానురా" అని అమలాపురం బస్సుకు బయలుదేరాడు. వీడు వీధి అరుగుమీద కూర్చున్నాడు. చీకటి పడింది. అన్నానికి రమ్మంటే రాడు. "మామయ్య వస్తానన్నాడు" అంటాడు. అబద్ధమాడింది మామయ్యా, తెలుగు భాషా?

మావాడికి ఆటిజం వుంది. ఇది రోగం కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో వున్న తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఇలాంటి పదకొండుమంది పిల్లలను గురించి రాస్తూ, వాళ్ళు "నేను" అనవలసినచోట "నువ్వు" అంటారని గమనించాడు. అది చదివి నేను ఉలిక్కిపడ్డాను. మావాడు నాలుగో యేట దాహం వేస్తే, "నీళ్ళు కావాలా నాన్నా?" అనేవాడు. మేము అడిగే మాటే వాడి చెవిలో పడింది. దాన్నే అలాగే తిరిగి అప్పజెప్పేవాడు. బళ్ళో పిల్లలకు ఉత్తమ పురుష, మధ్యమ పురుష ఒక్క గంటలో చెప్పేస్తాను. ఇంట్లో దానికి ఏడాది పట్టింది. వాళ్ళ నాన్నగారు గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. నేను వాడి వెనక కూర్చుని, వాడి తరఫున, "నాకు నీళ్ళు కావాలి" అనేదాన్ని. వాడు అన్నాక గ్లాసు చేతికి వచ్చేది. ఒక్క సర్వనామానికి ఇద్దరు పంతుళ్ళన్నమాట!

తల్లి ప్రేమ చాలకనే బిడ్డ ఇలా తయారవుతాడన్న అపవాదు ఒకటి లోకంలో చాలాకాలం నడిచింది. బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఆ ధోరణిలో పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ళముందే, తానే అలాంటి బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అది పొరపాటని, కారణం శరీరంలోనే వుందని వాదించాడు. శాస్త్రం ఆయన పక్షమే తీర్చింది. ఆ తీర్పు మన పెళ్ళిపందిళ్ళదాకా ఇంకా రాలేదు కాబోలు, "తల్లి ఉద్యోగస్తురాలు కదండీ!" అన్న మాట నా వెనకనుంచి ఇప్పటికీ వినబడుతూనే వుంటుంది.

ఇక పలకరింపులు. మన గోదావరి జిల్లాల్లో "భోంచేశావా?" అన్నది ప్రశ్న కాదు. మావాడికి మాత్రం ప్రశ్నే. "అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. వేపుడు బాగాలేదు" అనేవాడు, వండిన నాయనమ్మ ఎదుటే. ఇలాంటి పిల్లలకోసం కరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990 తరువాత ఒక పద్ధతి ప్రచారంలోకి తెచ్చింది: బిడ్డ తానే చెప్పుకుంటున్నట్టు చిన్న కథ రాసి చదివించడం. నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. "ఎవరైనా వస్తే 'భోంచేశావా' అంటారు. అది పలకరింపు. 'అయిందండి, మీరు?' అంటే వాళ్ళకు సంతోషం. తరువాత నేను ఆగుతాను." పక్కన నాకు చేతనైన బొమ్మ. "వెళ్ళొస్తాను"కూ ఒక పేజీ వుంది: "అంటే ఇవాళ వెళ్తారు. ఇంకో రోజు వస్తారు. ఏ రోజో నేను అడగవచ్చు." ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు, "ఏ తారీకున అండీ?" అని అడుగుతాడు. చుట్టాలు నీళ్ళు నములుతారు. ఆ ప్రశ్న మాన్పించాలని నాకు లేదు.

కళ్ళలోకి చూసి మాట్లాడమని కొందరు వాడి గడ్డం పట్టుకుని మొహం ఎత్తుతారు. కళ్ళలోకి చూస్తూ మాట వినడం తమకు కష్టమని ఆటిజం వున్న పెద్దవాళ్ళెందరో చెప్పారు. అసలు, తిట్లు తినే కుర్రవాడు తలెత్తితే "గుడ్లురిమి చూస్తావేరా?" అనే జాతి మనది! అంచేత ఆ పాఠం మా ఇంట్లో లేదు.

అన్నిటికన్నా కష్టమైంది వంతు. గోదావరిమీది హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో విశ్రాంతి పొందిందని, రోడ్డు-రైలు వంతెన 1974 నాటిదని మొదలుపెడితే ఎదుటివాడికి సందు దొరకదు. వంతెన తెలిసిన వాడికి వంతు తెలియదు! అష్టాచెమ్మా పనికొచ్చింది. గవ్వలు ఎవరివంతో వాళ్ళముందు కుంకంభరిణె మూత పెట్టేవాళ్ళం. అదే మూతను మాటలకూ తెచ్చాం. మూత ఎవరిముందుంటే మాట వాళ్ళది.

ఇంగ్లండులో డేమియన్ మిల్టన్ అనే సాంఘిక శాస్త్రవేత్త, తానూ ఆటిజం వున్నవాడే, 2012లో ఒక వ్యాసం రాశాడు. ఇలాంటివారూ తక్కినవారూ ఒకరికొకరు అర్థం కాకపోవడంలో లోపం ఒక పక్షానిదే కాదనీ, రెండువైపులా వుందనీ ఆయన వాదం. నిజమే. మూత నియమం మా చుట్టాలకు నేర్పడానికి మావాడికి పట్టినదానికన్నా ఎక్కువ కాలమే పట్టింది.

మొన్న మా పెదమామగారు వచ్చి తమ సర్వీసు ముచ్చట్లు అరగంట ఏకధాటిగా చెప్పుకుపోతున్నారు. మావాడు లోపలికి వెళ్ళి మూత తెచ్చి ఆయన ముందు పెట్టాడు. కాసేపు చూశాడు. తరువాత దాన్ని మెల్లగా మా పెద్దత్తగారి ముందుకు జరిపాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయనవంక చూసి, చెంగు సర్దుకుని, "సరే, అయితే నేనొకటి చెబుతాను" అన్నారు.