లా చదువుకి అసలు ఖర్చు ఫీజు కాదు

మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఖరగ్‌పూర్‌లో రైల్వే నుంచి రిటైరయ్యారు. 2021లో ఆయన మాట మీద లా సీటు కోసం ఒక ఏజెంటు చేతిలో పెట్టిన 40 వేలు ఇవాళ్టికీ తిరిగి రాలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఏ పెళ్ళిలో కనబడినా, "నువ్వే తొందరపడి ఉద్యోగం మానేశావమ్మా, చేసుకుంటూనే లా అయిపోయేది" అంటారు. నలుగురిలో, కాఫీ తాగుతూ.

ఆయన వయసులో ఉన్నప్పుడు కలకత్తాలో పగలు ఆఫీసు, సాయంత్రం లా క్లాసు మామూలే. ఆయన లెక్క అక్కడే ఆగిపోయింది. ఏజెంటు చెప్పింది కూడా అదే పాట: ఊరికి దూరంగా ఒక కాలేజీ, హాజరు వాళ్ళే చూసుకుంటారు, మనం పరీక్షలకి వెళ్తే చాలు. అడ్వాన్సు కట్టిన వారానికి లా చదువు మీద బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చదివాను. వారానికి కనీసం 30 గంటలు, అందులో 24 లెక్చర్లే. క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపలే. హాజరు 70 శాతం. షిప్పింగ్ కంపెనీ అకౌంట్స్‌లో పది నుంచి ఆరు దాకా కూర్చునేదాన్ని, ఆ గంటలు ఎక్కణ్ణుంచి తేను? దొంగ హాజరు మీద నిలబడ్డ డిగ్రీతో నల్లకోటు వేసుకునే ధైర్యం నాకు లేదు. దూరవిద్య డిగ్రీకైతే ప్రాక్టీసు చేసేందుకు సనదే ఇవ్వరు. పైగా లాయర్ల వృత్తికి బార్ కౌన్సిల్ పెట్టిన వేరే నియమాల్లో 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునేవాళ్ళు ప్రాక్టీసు చేయకూడదు. డిగ్రీ ఎలా తెచ్చుకున్నా గౌను వేసుకునే రోజు ఉద్యోగం వదలాల్సిందే.

"ప్రకాశం పంతులుగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉంటూ లండన్ వెళ్ళి బారిస్టరు కాలేదా?" అన్నారు బావగారు. అయ్యారు. కానీ పంతులుగారు అప్పటికే రాజమండ్రిలో ప్లీడరీ చేసి సంపాదించిన మనిషి. ఆయనకి హోమ్ లోనూ లేదు.

నాకు 44 ఏళ్ళు. వయసు అడ్డు కాలేదు. 30 ఏళ్ళ పరిమితిని బార్ కౌన్సిల్ 2016లో మళ్ళీ తెస్తే, 2017 మార్చిలో సుప్రీంకోర్టు ఆపింది. అడ్డల్లా డబ్బే.

బావగారి లెక్కలో లా అంటే మూడేళ్ళ ఫీజు, 2.40 లక్షలు. నా లెక్క ఐదేళ్ళది: మూడేళ్ళు చదువు, రెండేళ్ళు జూనియర్‌గిరీ. కలకత్తాలో లేక్ మార్కెట్ దగ్గర మా ఇంటి ఖర్చు అప్పట్లో నెలకి 68 వేలు, అందులో 21 వేలు ఈఎంఐ. మావారు తెచ్చేది 55 వేలు. నా 62 వేలు ఆగిపోతే నెలకి లోటు 13 వేలే కదా అనిపిస్తుంది. అక్కడే మోసం. ఈఎంఐ కదలదు కానీ మిగతా 47 వేలు ఏటా 6 శాతం పెరుగుతుంది. మావారి జీతం పెరగదనే అనుకున్నాను, కోవిడ్ రోజులు మరి. మొదటి ఏడు లోటు 1.56 లక్షలు, రెండో ఏడు 1.90, మూడో ఏడు 2.26, నాలుగో ఏడు 2.64, ఐదో ఏడు 3.04. ఖర్చు పెరిగింది 6 శాతం చొప్పునే, లోటు మాత్రం ఇంచుమించు రెట్టింపైంది. మొత్తం 11.39 లక్షలు. దానికి ఫీజు కలపండి. ఆఫీసు మెడిక్లెయిమ్ పోతుంది కాబట్టి ఏటా 32 వేల ప్రీమియం, ఐదేళ్ళకి 1.60 లక్షలు కలపండి. 15.39 లక్షలు. వదులుకున్న జీతం 37.20 లక్షలు వేరే. దాన్ని రాత్రిళ్ళు మాత్రమే లెక్కపెట్టుకున్నాను.

16 లక్షలు మ్యూచువల్ ఫండ్ల నుంచి తీసి, ఏడాదికొకటి చేతికొచ్చేలా ఐదు ఎఫ్‌డీలు వేశాను. పీఎఫ్ ముట్టుకోలేదు. విద్యారుణం తీసుకుంటే వడ్డీకి 80ఇ కింద పన్ను మినహాయింపు ఉండేది, కానీ కొత్త పన్ను విధానంలో అదీ లేదు, వదిలేశాను.

ఒక్కచోట కలిసొచ్చింది. నేను పేరు నమోదు చేయించుకునే ముందే, 2024 జులై 30న, చట్టంలో ఉన్న 750 రూపాయలకి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంతకు ముందు రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు వేలల్లో వసూలు చేసేవి.

ఇప్పుడు హైకోర్టు పక్కన కిరణ్ శంకర్ రాయ్ రోడ్డు మీద ఒక సీనియర్ చాంబర్‌లో ఉన్నాను. ఫుట్‌పాత్ మీద టైపిస్టు దాదా పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని అఫిడవిట్‌లో తప్పులు దిద్దుతాను. పేజీకి ఇంతని అతని డబ్బులు అతనికి అక్కడికక్కడే అందుతాయి. నాకు శనివారం ముహురీ బాబు, అంటే సీనియర్ గుమాస్తా, కవరిస్తాడు, కొన్ని శనివారాలు ఇవ్వడు. నగరాల్లో జూనియర్‌కి నెలకి 20 వేలు ఇమ్మని 2024 అక్టోబర్లో బార్ కౌన్సిల్ సూచించింది. సూచనే. నా లెక్కలో జూనియర్ రాబడిని సున్నా వేశాను, ఆ సున్నాయే నన్ను కాపాడింది. బావగారి లెక్కతో దిగి ఉంటే రెండో ఏడే గాజులు తాకట్టులో ఉండేవి. ఈ మాట ఆయన ముందు అనలేదు, ఇక్కడ అంటున్నాను.

మీ ఇంట్లో నలభై దాటినవాళ్ళెవరైనా లా చేరతానంటే ఫీజెంతని అడగకండి. ఐదో ఏడు లోటెంతో కాగితం మీద వేసి చూపించమనండి.