పునర్జన్మల బజారు

కోల్‌కతా నగరంలో పార్క్ స్ట్రీటు, ఆచార్య జగదీశచంద్ర బోస్ రోడ్డు కలిసే కూడలి వద్ద 1767 నాటి ఆంగ్లేయుల శ్మశానవాటిక ఉన్నది. దానికి కూతవేటు దూరంలోనే మల్లిక్ బజారు. తుక్కుగా మారిన మోటారుకార్ల భాగాలు ఇక్కడి నుంచి వేరే కార్లలో చేరి మరికొంతకాలం సంచరిస్తాయి.

ఈ బజారుకు చిరకాలపు అతిథి అంబాసిడర్ టాక్సీ. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హుగ్లీ తీరాన ఉత్తర్‌పారాలో తయారైన బండి ఇది. మొరాయించినా త్వరగా లొంగుతుందన్నదే దాని ప్రతిష్ఠకు అసలు కారణం. సైలెన్సరు నీలిపొగ చిమ్మితే, పిస్టన్ రింగులు అరిగి ఇంజనులో ఆయిలు మండుతున్నదేమోనని మెకానిక్ మొదట అనుమానిస్తాడు. అరిగిన సిలిండరును మరికాస్త వెడల్పుగా తొలిపించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్ బిగిస్తాడు. పలుమార్లు తొలిచి గోడ పలుచబడితే, లోపల స్లీవు దిగగొట్టి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారు. విరిగిన కమాను పట్టీని ఒక్కదానినే మార్చవచ్చు. అయితే జబ్బు తెలియకుండా సామాను మార్చే మెకానిక్ చేతిలో పడితే మాత్రం యజమాని జేబుకే చిల్లు!

ఇనుముకు లేని ఆయుఃపరిమితిని న్యాయస్థానం విధించింది. పదిహేనేళ్ళు నిండిన వాణిజ్య వాహనాలను హైకోర్టు ఉత్తర్వు మేరకు 2009 నుంచి నగరవీధుల నుంచి తొలగిస్తూ వచ్చారు. కారణం సబబైనదే; నగరవాసుల ఊపిరితిత్తులకు స్లీవు వేయగల మెకానిక్ ఎక్కడా లేడు. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. ఆ ఏడాది రోడ్డెక్కిన టాక్సీలకు ఈ లెక్కన 2029తో గడువు తీరుతుంది. ఒక బండి తుక్కుకు వెళ్ళినప్పుడు దాని తలుపులు, స్టీరింగు పెట్టె బజారుకు చేరుతాయి. గడువు మిగిలిన టాక్సీవాలాలు వాటికి బేరమాడుతారు.