మొండి చిమ్మనగ్రోవి

కారు ముందుటద్దము మీదికి నీళ్ళు చిమ్మే ఆ రెండు చిన్న మూతులను మెకానిక్కులు నాజిళ్ళంటారు. వీటికి తెలుగులో పేరు లేదని మిత్రులెవరూ బెంగపడనక్కరలేదు. వసంతోత్సవాలలో రంగునీళ్ళు చల్లుకొన్న చిమ్మనగ్రోవి మన నిఘంటువులలో భద్రంగానే ఉంది. పేరు దొరికింది కానీ, మా కారు చిమ్మనగ్రోవులలోంచి నీళ్ళే రావడం మానేశాయి. మొదట్లో నిత్యంగా వచ్చేవి. తరువాత వైకల్పికమయ్యాయి. ఈ తొలకరికి నిషేధమే. (పదవీవిరమణ చేసినా వ్యాకరణవాసన పోలేదు, మన్నించగలరు.)

కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. మా వీధిలో వాడుకకు దొరికేది బోరునీరు. దానిలో సున్నపు లవణాలు హెచ్చు. బానెట్టు కింద ఇంజను వేడి, పైన రోహిణీకార్తె ఎండ. మూతిలో నిలిచిన బొట్టు ఆవిరైపోతుంది, సున్నం మిగులుతుంది.

ఇదీ ఒక సమస్యేనా అనవచ్చు. మా పెద్దక్కయ్యది కొవ్వూరు. వారానికి రెండుసార్లు రక్తశుద్ధికి ఆమెను రాజమహేంద్రవరం తీసుకొనివచ్చి, చీకటిపడ్డాక తిరిగి దిగబెట్టడం నా వంతు. 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీద, కింద రైలు, పైన మనము, నాలుగు కిలోమీటర్లకు పైగా సాగాలి. నడుమ అడ్డుగోడ లేని రెండు వరుసల దారి. వానాకాలపు సందెవేళ దీపాలకు మూగే పురుగులన్నీ అద్దానికి కొట్టుకొని చిదికిపోతాయి. నీళ్ళు లేకుండా వైపరు వేస్తే ఆ జిడ్డును అద్దమంతా పూసినట్లవుతుంది. ఎదుటిబండి దీపం పడగానే తెల్లని తెర తప్ప మరేమీ కానరాదు. వంతెన నడుమ ఆగి తుడుచుకొనే వీలు లేదు. "ఏరా తమ్ముడూ, దారి అగుపిస్తోందా?" అని అక్కయ్య రెండుసార్లు అడిగింది. మూడవసారి అడగలేదు. కొంగు గట్టిగా పట్టుకొని కూర్చుంది.

మెకానిక్కు నా పూర్వవిద్యార్థి. "పైనుంచి స్క్రూడ్రైవరు పెట్టి లేపేస్తాను మాస్టారూ. విరిగితే కొత్తవి తెప్పిద్దాం, వారం పడుతుంది" అన్నాడు. వారమంటే రెండు చీకటి ప్రయాణాలు. వద్దన్నాను. సూదితో పొడిచి చూశాడు. సున్నపుపెళ్ళ లోపలికి జారి, పంపు నొక్కగానే మళ్ళీ వచ్చి ద్వారానికే అడ్డుపడింది. ఊడదీసి కడగడం తప్ప మార్గం లేదు.

ఏళ్ళ తరబడి సిరాకలంతో జవాబుపత్రాలు దిద్దినవాడికి ఈ రోగం కొత్తది కాదు. సన్నని దారిలో ద్రవం ఎండి గడ్డకడితే పొడవకూడదు, నానబెట్టాలి. బిగిసిన మెడను లాగకూడదు, మెల్లగా తిప్పాలి. రత్నం కలాలు పుట్టిన ఊరివారికి ఇది ఒకరు చెప్పాలా! (ఆ ఎబొనైటు కలాలను మాత్రం వేడినీళ్ళలో ముంచకండి. నల్లని నిగ్గు పోయి గోధుమవన్నెకు తిరుగుతాయి.)

బానెట్టు ఎత్తి, అడుగున పరచిన మందపాటి పొరను పట్టియుంచే ప్లాస్టిక్ మేకులు తీశాము. చిమ్మనగ్రోవి తోక కనబడింది. దానికి ఇరుప్రక్కలా బాణపు ములుకుకున్నట్లు రెండు రెక్కలు. రంధ్రంలో దూరేటప్పుడు ముడుచుకొని, దూరిన తరువాత విచ్చుకొని, రేకును కరచిపట్టుకొంటాయి. కనుక పైనుంచి పెకలించినకొద్దీ మరింత కరుస్తాయి. సంధి ఎక్కడ జరిగిందో తెలియకుండా పదం విడదీయబోయే పిల్లవాడి పాట్లే!

ఏళ్ళ వేడికి ప్లాస్టిక్కు పెళుసెక్కి ఉంటుంది. వేడినీట ముంచి పిండిన గుడ్డను పది నిమిషాలు కప్పి ఉంచాము, రెండుమార్లు. నీటిగొట్టాన్ని లాగక, మెలిపెట్టి వదులుచేసి తీశాము. అసలు చిక్కు ఆ తరువాత. ముక్కుపటకారుతో ఒక రెక్కను నొక్కితే రెండవది విచ్చుకొంటోంది. రెండూ ఒక్కసారే ముడుచుకోవాలి. నా బల్లసొరుగులో కొస పగిలి, రెండువైపులా బోలైన పాత పెన్నుమూత ఒకటున్నది. దానిని తోకకు తొడిగి, రెక్కల మీదికి నెమ్మదిగా నెట్టాను. రెండూ కలిసి లోనికి వంగాయి. "ఆగండి మాస్టారూ, పైకొస్తోంది" అన్నాడు శిష్యుడు. బానెట్టు రంగు చెదరలేదు.

గోరువెచ్చని వెనిగరులో గంటసేపు నానబెట్టగా సన్నని బుడగలు లేచాయి. సున్నం ఆమ్లానికి లొంగి, బొగ్గుపులుసు వాయువై పోవడమది. కడిగి బిగించి, తొట్టెలో వడగట్టిన వాననీరు పోశాము. మీట లాగగానే కుడిగ్రోవి నీరు అద్దాన్ని దాటిపోయి, అవతల నిలబడిన శిష్యుని చొక్కా తడిపింది. గుండుసూదితో మూతిలోని చిన్న గుండును కాస్త కిందికి వంచితే సరిపోయింది.

ఎడమవైపుది మరీ మొండి. ఒక రెక్క అప్పటికే నెర్ర విచ్చి ఉంది. దానిని ఆ రోజు ముట్టుకోలేదు. గురువారం అక్కయ్యను తీసుకురావాలి, నా కళ్ళకు ఎదురుగా ఉన్నది కుడివైపుదే. ఎడమది శుక్రవారం చూస్తాము.