తీర్థమలై – కొండ ఇచ్చే నీళ్లు

తమిళంలో 'మలై' అంటే కొండ. మన తిరుమలలోని 'మల' కూడా ఆ మాటే. తీర్థాలున్న కొండ కనుక ఇది తీర్థమలై. ధర్మపురి జిల్లాలో, హరూరుకు సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉంది. బెంగుళూరు, సేలం ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలవారు పొద్దున్నే బయలుదేరితే ఒక్క రోజులో చూసి రావచ్చు. అయినా మనవాళ్లలో చాలామందికి ఈ క్షేత్రం పేరు కూడా తెలియదు.

కొండమీద వెలసిన స్వామి తీర్థగిరీశ్వరుడు, అమ్మవారు వడివాంబిక. అరుణగిరినాథర్ పాడిన స్థలం ఇది. మెట్లెక్కి వెళ్లాలి. ఎక్కేటప్పుడు చుట్టూ చూస్తే ఎండిన గుట్టలు, ముళ్లపొదలు, బండరాళ్లు. ఇక్కడ నీళ్లెక్కడివి అనిపిస్తుంది. పైకి వెళ్లాక రామతీర్థం కనిపిస్తుంది. నిటారుగా నిలిచిన రాతిగోడ మీదనుంచి నీరు జారి పడుతూ ఉంటుంది. భక్తులు కింద నిలబడి తల తడుపుకుంటారు. కుమార, గౌరి, అగస్త్య, అగ్ని తీర్థాలు కూడా ఈ కొండమీదే ఉన్నాయి.

స్థలపురాణం అందరికీ నచ్చేదే. రావణవధ తర్వాత తిరిగి వస్తూ శ్రీరాముడు ఇక్కడ శివపూజకు కూర్చున్నాడట. నీళ్లు తేవడానికి వెళ్లిన హనుమంతుడు వేళకు రాలేదు. రాముడు బాణం వేస్తే కొండలోంచి నీరు వచ్చింది. అదే రామతీర్థం. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకుని తాను తెచ్చిన నీటిని విసిరేస్తే, అది పడ్డ చోటు హనుమతీర్థమైంది. అది కొండకు దూరంగా, దక్షిణ పినాకిని ఒడ్డున ఉంది. ముందు హనుమతీర్థంలో స్నానం చేసి, తర్వాత కొండెక్కి రామతీర్థంలో తడవడం సంప్రదాయం.

నేను కామర్స్ చదివినవాణ్ణి. రాళ్ల శాస్త్రం నాకు తెలియదు. కానీ ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఈ జిల్లాలో వ్యవసాయ రుణాలు చూశాను కనుక నీళ్ల సంగతి కొంత తెలిసింది. ఇది గట్టి రాతి నేల. వాననీరు రాతి పగుళ్లలోకి దిగి, మెల్లగా ఊరుతూ, దారి దొరికిన చోట బయటికి వస్తుంది. మా లెక్కల భాషలో చెప్పాలంటే వాన అసలు, ఊట వడ్డీ. కొండమీద తీర్థాలను నమ్ముకున్నవాళ్లు వడ్డీతోనే సరిపెట్టుకున్నారు. రాలే నీటి కింద తల పెట్టారే గాని, ఎక్కువ కావాలని కొండను తవ్వలేదు. పల్లాన ఉన్న పాత ఊళ్లదీ ఇదే పద్ధతి. పారే నీటికి అడ్డంగా కట్ట వేసి చెరువు, అది నిండితే అలుగు దాటి కింది చెరువు. చెరువులో నీళ్లుంటే పక్కనే బావిలో ఊట.

తర్వాత బోర్లొచ్చాయి. నా దగ్గరికొచ్చిన దరఖాస్తుల్లో లోతు ఏడాదికేడాది పెరుగుతూ పోయింది. ఓ తెలుగు రైతు నాతో, "నీళ్లు లేవని కాదు సార్, మనకు అందకుండా కిందికి పోయినాయి" అన్నాడు. అందినచోటా ఇంకో చిక్కు. రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ చేరుతుంది. నల్లగొండ వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ధర్మపురి పల్లెల్లో పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు నేనూ చూశాను. చివరికి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనకల్ దగ్గర కావేరి నీటిని శుద్ధిచేసి అందించే పథకం, జపాన్ రుణసాయంతో, 2013లో మొదలైంది.

ఇక హనుమతీర్థం దగ్గరి నది సంగతి. దక్షిణ పినాకిని నంది కొండల ప్రాంతంలో పుడుతుంది. అక్కడే పుట్టి నెల్లూరు వైపు వెళ్లే మన పెన్నకు ఇది చెల్లెలు. బెంగుళూరు తూర్పు పక్కనుంచి దిగి, హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట, ఆపైన కృష్ణగిరి ఆనకట్ట దాటి హనుమతీర్థానికి వస్తుంది. అక్కణ్ణుంచి సాత్తనూరు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

బెంగుళూరు కూడా ఒకప్పుడు చెరువుల మీద బతికిన ఊరే. అక్కడ దగ్గరలో పెద్ద నది లేదు కనుకనే గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. నగరం పెరిగేకొద్దీ ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్‌స్టాండ్ అయింది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. మిగిలిన బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోకి మురుగునీరు చేరింది. బెళ్లందూరు చెరువు మీద నురుగు లేవడం, 2015లోనూ 2017లోనూ మంటలే రేగడం పత్రికల్లో చదివాం. ఆ చెరువుల నీరు పల్లానికి దిగి కలిసేది ఈ నదిలోనే. కెలవరపల్లి దగ్గర తెల్లని నురుగు కట్టలు కట్టిన ఫొటోలూ వచ్చాయి. మనలో ఎందరో బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో ఉంటున్నాం. మన స్నానాల గదిలోంచి పోయిన నీరు హనుమతీర్థం దారి పడుతుందని ఎప్పుడైనా అనుకున్నామా?

దారి లేకపోలేదు. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి, కోలారు జిల్లాలోని ఎండిన చెరువులకు 2018 నుంచి పంపుతున్నారు. శుద్ధి ఇంకా మెరుగ్గా ఉండాలని అడిగేవాళ్లున్నారు, అది న్యాయమే. అయినా వాడిన నీటిని పారబోయకుండా చెరువులకు మళ్లించడం పాత గొలుసుకట్టు పద్ధతికి దగ్గరి మాటే. తమిళనాడులో 2003 నుంచి కట్టడాలన్నిటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. మీ మేడమీద గొట్టం ఇంకుడుగుంతలోకి వెళుతోందో, వీధి కాల్వలోకి వెళుతోందో ఓసారి చూసుకోండి.

తీర్థమలైకి వెళ్లదలచినవారు రైల్లో మొరప్పూర్‌లో దిగి హరూరు మీదుగా బస్సులో చేరవచ్చు. ఎండ ముదరకముందే కొండెక్కడం మంచిది. పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. హనుమతీర్థం దగ్గర నది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఏ ఊరి నీటిని మోసుకొస్తోందో వాళ్లకు చెప్పండి. రామతీర్థం ధారను కొండ చూసుకుంటుంది. కింద నదిని చూసుకోవలసింది మనమే.