ఈస్టర్ నవ్వు

ఈస్టర్ ప్రసంగంలో బోధకుడు పనిగట్టుకుని జనాన్ని నవ్వించే ఆచారం మధ్యయుగాల చివర్లో జర్మన్ ప్రాంతాల్లో, ముఖ్యంగా బవేరియాలో ఉండేది. దాని లాటిన్ పేరు రీసస్ పస్కాలిస్. నలభై రోజుల ఉపవాసం ముగిసింది, క్రీస్తు లేచాడు, మరణం ఓడిపోయింది. నవ్వడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి!

చిక్కంతా నవ్వించే పద్ధతిలోనే వచ్చింది. 1518లో బాసెల్‌లో అచ్చయిన లేఖలో బోధకుడు ఎకొలంపాడియుస్ ఆ చేష్టలను ఏకరువు పెట్టాడు. ఒక బోధకుడు కోకిలలా కూసేవాడు, మరొకడు పెద్దబాతులా అరిచేవాడు. సత్రం యజమానికి క్రీస్తు శిష్యుడు పేతురు డబ్బు ఎగ్గొట్టిన కట్టుకథలూ, బూతు జోకులూ సరేసరి. ఆ లేఖ పుట్టిందే ఆయన ప్రసంగాలు మరీ గంభీరంగా ఉంటున్నాయన్న విమర్శకు జవాబుగా. పండితుడు ఎరాస్మస్ కూడా ఈ ఆచారాన్ని ఈసడించాడు. అయినా కాథలిక్ ప్రాంతాల్లో అది చాలాకాలం బతికింది.

కూతల కంటే మాటల హాస్యం బలమైనది. వియన్నాలో బోధకుడు అబ్రహాం అ శాంక్టా క్లారా 1679 నాటి ప్లేగు గురించి మరుసటి ఏడాది రాసిన ‘మెర్క్స్ వీన్’ పుస్తకంలో మృత్యువు మీదే శ్లేషలు, ప్రాసలు గుప్పించాడు. రాజూ బిచ్చగాడూ ఒకే గోతిలోకి పోతారన్న హెచ్చరికను నవ్వులో చుట్టి ఇచ్చాడు. కోకిల కూత ఏ సంతలోనైనా పనికొస్తుంది. అబ్రహాం హాస్యాన్ని మాత్రం ప్రసంగం నుంచి విడదీయలేం. షిల్లర్ తన ‘వాలెన్‌స్టైన్ శిబిరం’ నాటకంలోని సన్యాసి ప్రసంగానికి అబ్రహాం శైలినే నమూనాగా తీసుకున్నాడు.

ఇలాంటి మాటల హాస్యం ప్రొటెస్టెంట్లలోనూ కనిపిస్తుంది. లండన్ బోధకుడు స్పర్జన్ 1869లో ‘జాన్ ప్లౌమన్స్ టాక్’ రాశాడు. అందులో నీతి చెప్పేది నాగలి పట్టి పొలం దున్నే మనిషి, పల్లెటూరి వెటకారంతో.