బరిలో దిగని పందేలు

“ఫలానావాడూ ఫలానావాడూ తలపడితే ఎవరు నెగ్గుతారు?” అన్న ప్రశ్నకు ఖర్చు లేదు, అంతూ లేదు. అంచేత తెలుగునాట ఇంతకంటే చవకైన కాలక్షేపం మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ ఫలానావాళ్లు ఒకే కాలంలో పుట్టకపోతే మరీ మంచిది. తేల్చి చెప్పగలవాడు ఎవడూ వుండడు కదా!

మా మొగల్తూరులో ఈ విద్యకు లోటు లేదు. సంక్రాంతి వెళ్లిన నెల్లాళ్ల దాకా, ఈ యేడు నెగ్గిన డేగకూ, ఎప్పుడో పదేళ్ల కిందట పేరుపడ్డ కాకికీ అరుగుల మీద పోరు సాగుతూనే వుంటుంది. కోడిపందేలను చట్టం ఒప్పుకోదు, నిజమే. కాని ఎప్పుడో కూరైపోయిన కోళ్ల మధ్య పందేన్ని ఏ చట్టం ఆపగలదు చెప్పండి? ఇక సినిమాల సంగతి సరేసరి. కృష్ణంరాజుగారిదీ ఈ ఊరే, చిరంజీవిగారిదీ ఈ ఊరే. 1983 నాటి ‘ఖైదీ’లో కథానాయకుడూ, 1984 నాటి ‘బొబ్బిలి బ్రహ్మన్న’ కథానాయకుడూ ఎదురుపడితే ఏమవుతుందన్న ప్రశ్న మీద చల్లారిపోయిన టీలు ఎన్నో! 1978లో వచ్చిన ‘మనవూరి పాండవులు’లో ఇద్దరూ ఒకే పక్షాన నిలబడ్డారు గనుక సరిపోయింది.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని గనుక నాకు భారతం గుర్తుకు వస్తుంది. భీముడూ, దుర్యోధనుడూ, జరాసంధుడూ, కీచకుడూ, బకాసురుడూ ఒకే నక్షత్రంలో పుట్టారనీ, వాళ్లలో ఎవడు ముందుగా మరొకణ్ణి చంపితే వాడి చేతిలోనే మిగిలినవాళ్లంతా చస్తారనీ మన పెద్దవాళ్లు చెప్పే కథ వుంది. భీముడు ముందుగా బకుణ్ణి చంపాడు, ఇక తక్కిన ముగ్గురికీ రాత రాసిపెట్టినట్టే అయింది. నాకీ కథలో నచ్చేది ఒకటే. అయిదుగురూ సమానమని ఒప్పుకున్న తరవాత, ఎవడు గొప్పో తేల్చడానికి మనవాళ్లు బలాన్ని కొలవలేదు; ఎవడికి ముందు అవకాశం వచ్చిందో చూశారు. ఏకచక్రపురంలో ఆ బండెడు అన్నం తోలుకుపోయే వంతు మరొకడికి వచ్చివుంటే భారతం ఎటు తిరిగేదో!

మా మావయ్యగారికి భీముడంటే కోడి రామ్మూర్తిగారే. వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న ఆ మహానుభావుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. కండలు బిగించి ఇనుప గొలుసులు తెంచేవాడు. కదిలే మోటారు కార్లను పట్టి ఆపేవాడు. మావయ్యగారి తాతగారు ఆయన సర్కస్సు కళ్లారా చూశారట. ఆ చూసిన కళ్లు ఇప్పుడు లేకపోయినా ఆ అబ్బురం మాత్రం మూడు తరాలు దాటి మా ఇంటి వసారాలో అలాగే వుంది. “గామా అయినా సరే, రామ్మూర్తి ముందు ఎంతసేపు నిలబడతాడమ్మా?” అంటారు మావయ్యగారు.

మావారు గామా పక్షం. గామా మట్టిలో కుస్తీ పట్టేవాడు. రామ్మూర్తిగారు పేరు పొందింది బలప్రదర్శనలో. ఏనుగును మోసినవాడు మనిషి పట్టులోంచి తప్పించుకోగలడని ఏముంది? అని ఆయన వాదం. తండ్రీ కొడుకులు ఇలా వాదించుకుంటూ వుంటే పప్పు చల్లారుతుంది, నా ఓర్పు కూడా చల్లారుతుంది.

ఒకనాడు నేను వాళ్లకు గామా కథే చెప్పాను. 1910 సెప్టెంబరులో లండనులో గామా, పోలండు మల్లుడు జ్బిస్కో తలపడ్డారు. జ్బిస్కో నేలను కరుచుకుని పడుకున్నాడు. రెండున్నర గంటలు గడిచినా గామా అతణ్ణి వెల్లకిలా తిప్పలేకపోయాడు. వారం తిరిగాక మళ్లీ పోటీ పెడితే జ్బిస్కో రానేలేదు. పద్ధెనిమిదేళ్ల తరవాత, 1928లో, పటియాలాలో వాళ్లిద్దరే మళ్లీ తలపడ్డారు. ఈసారి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, గామా పడగొట్టేశాడు. అవే రెండు శరీరాలు, అవే రెండు పేర్లు. కాలం మారితే ఫలితం ఇంతగా మారింది. అలాంటప్పుడు, ఒకరినొకరు ముట్టుకోనైనా ముట్టుకోని ఇద్దరి సంగతి మనం ఎలా తేల్చగలం?

“యంత్రాలు తేలుస్తాయిగా,” అన్నారు మావారు. ఆ ముచ్చటా జరిగింది లెండి. అమెరికాలో 1967లో ఒకాయన, వెనకటి బాక్సింగు యోధుల వివరాలన్నీ కంప్యూటరుకు ఎక్కించి, ఊహాపందేలు ఆడించి, రేడియోలో వినిపించాడు. అందులో మహమ్మదాలీ, ఎన్నో ఏళ్ల కిందటి జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు! అలీకి ఒళ్లు మండి పరువునష్టం దావా వేశాడు. ఆడని ఆటలో ఓడినందుకు కోర్టుకెక్కినవాణ్ణి మరెక్కడైనా చూశారా? ఆఖరికి అది రాజీపడి, అలీకీ, ఒక్క ఓటమీ లేకుండా 1956లో విరమించుకున్న మార్సియానోకీ 1969లో ఉత్తుత్తి పోరు పెట్టి సినిమా తీశారు. మార్సియానో దానికోసం ఒళ్లు తగ్గించుకుని, నెత్తికి సవరం పెట్టుకుని వచ్చాడు. 1970 జనవరిలో అమెరికావాళ్లు చూసిన బొమ్మలో గెలుపు మార్సియానోది. పాపం, చూసుకోవడానికి ఆయన లేడు. అంతకు నాలుగైదు నెలల ముందే విమాన ప్రమాదంలో పోయాడు. యంత్రం చెప్పింది గదా అని జనం ఊరుకున్నారా అంటే, అదీ లేదు. ఈనాటికీ వాదించుకుంటూనే వున్నారు.

ఈ వాదాలన్నిటినీ మా అమ్మాయి ఒక చెవితో వింటూ హోంవర్కు చేసుకుంటుంది. తొమ్మిదో తరగతి. దానికి రామ్మూర్తీ, గామా అక్కర్లేదు. దాని గోడ మీద వున్న బొమ్మ నిజామాబాదు పిల్ల నికత్ జరీన్‌ది. “మేరీ కోమూ, నికతూ మంచి వయసులో తలపడితే?” అన్నది దాని ప్రశ్న. నేనూ కాస్త ఆలోచించాను. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. 2008లో ఆమె నెగ్గింది 46 కిలోల తరగతిలో. 2022లో ఇస్తాంబులులో నికత్ నెగ్గింది 52 కిలోల తరగతిలో. ఆరు కిలోల తేడా ఎలా సర్దుతాం? పైగా ఆ రోజుల్లో తగిలిన గుద్దులు లెక్కపెట్టి మార్కులు వేసేవారు. 2013 తరవాత రౌండుకు పది మార్కుల పద్ధతి వచ్చింది. ఏ లెక్కన ఆడిద్దాం?

కాని ఇక్కడ ఒక విశేషం వుంది. వీళ్లిద్దరి పందెం ఊహలో ఆగిపోలేదు. 2019లో ప్రపంచ పోటీలకు మేరీ కోమ్‌ను ఎంపిక పందెం లేకుండానే పంపారు. ఒలింపిక్సు అర్హత పోటీలకూ అలాగే పంపబోతున్నారని తెలిసి, ఇరవై మూడేళ్ల నికత్ క్రీడామంత్రికి ఉత్తరం రాసింది. ఆమె కంటే మేరీ కోమ్ పదమూడేళ్లకు పైగా పెద్ద, దేశమంతా చేతులెత్తి మొక్కే మనిషి. ఆమెతో పోటీ కావాలని అడగడమే అపచారమన్నట్టు మాట్లాడినవాళ్లు వున్నారు. చివరకు డిసెంబరు 28న ఢిల్లీలో పందెం జరిగింది. 9-1 తేడాతో మేరీ కోమే నెగ్గింది.

ఈ కథ ఇంట్లో చెప్పుకున్న కొన్నాళ్లకు మా అమ్మాయి ఒక సాయంత్రం అన్నం తిననని పడుకుంది. ఆరా తీస్తే తెలిసింది. అది చదివే పాఠశాలలో మండలం పరుగుపందేలకు పేర్లు ఇచ్చారట. పందెం పెట్టకుండానే, నిరుడు నెగ్గిన పదో తరగతి పిల్ల పేరు పంపేశారట. “నెగ్గిన పిల్ల వుండగా మళ్లీ పరీక్ష దేనికే? పెద్దపిల్ల, పేరున్న పిల్ల, వెళ్లనీ,” అన్నారు మావయ్యగారు బుజ్జగిస్తూ.

అది లేచి కూర్చుంది. “నికత్ తనని గెలిపించమని అడగలేదు తాతయ్యా. పందెం పెట్టమని అడిగింది. నేనూ అదే అడుగుతున్నాను,” అంది.

మావయ్యగారు జవాబు చెప్పలేదు. రాత్రి చాలాసేపు వసారాలో కుర్చీలో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, చేతికర్ర పుచ్చుకుని, మాకెవరికీ చెప్పకుండా పాఠశాలకు వెళ్లి డ్రిల్లు మాస్టారిని కలుసుకున్నారు. ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ శనివారం పందెం పెట్టారు.

మా పిల్ల ఓడిపోయింది. నాలుగడుగులు వెనకపడింది. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, “అక్క నాకంటే బాగా పరిగెత్తుతుందమ్మా,” అని మామూలుగా చెప్పి, ముద్దపప్పూ ఆవకాయా రెండుసార్లు కలుపుకుని తిని, హాయిగా నిద్రపోయింది. పందెం పెట్టకుండా వుంటే ఆ నిద్ర దానికి వచ్చేది కాదని తల్లిని గనుక నాకు తెలుసు. “నన్ను పరిగెత్తనిస్తే నేనే నెగ్గేదాన్ని” అన్న మాట ఎన్నేళ్లు దాని మనసులో ముల్లులా వుండిపోయేదో!

నికత్ కూడా ఆ ఓటమితో కూలబడలేదు గదా! రెండున్నరేళ్లు తిరగకుండా ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో మరోసారి అయింది. 2024లో పారిస్ ఒలింపిక్సులో మటుకు చైనా అమ్మాయి చేతిలో ఓడింది. గెలుపైనా, ఓటమైనా అవి ఆమె స్వయంగా బరిలో దిగి సంపాదించుకున్నవి.

రామ్మూర్తీ గామాల పందేన్ని మనం ఎన్నాళ్లయినా సాగదీయవచ్చు. వాళ్లకు నష్టం లేదు, మనకు కాలక్షేపం. కాని బతికివున్న పిల్లల పందేలను మాత్రం ఊహకు వదిలేయకూడదనిపిస్తుంది. నిరుటి గెలుపును చూపించి ఈ యేటి పిల్లను గడప దగ్గరే ఆపేయడం ఇళ్లలోనూ, బళ్లలోనూ, ఉద్యోగాలలోనూ మనకు బాగా అలవాటైపోయింది. ఆపినవాళ్లు దాన్ని పెద్దల పట్ల గౌరవమనే అనుకుంటారు.

ఇప్పుడు తెల్లవారుజామున ఆ పదో తరగతి పిల్లా, మా అమ్మాయీ కలిసి కాలవగట్టు మీద పరిగెత్తుతున్నారు. గట్టు మలుపులో వేపచెట్టు కింద మావయ్యగారు గడియారం పట్టుకుని నిలబడతారు. నాలుగడుగుల తేడా ఇప్పుడు రెండున్నరకు వచ్చిందని మొన్న చెప్పారు.